ఇష్యూ బల్ల మీద సున్నా గీతలు

జూన్ 2, సోమవారం

పెద్ద మేడమ్ పిలిచి కుర్చీ చూపించారు. లైబ్రరీలో చేరిన ఈ పద్దెనిమిదేళ్లలో ఆవిడ గదిలో కూర్చోవడం నాకిది మూడోసారి. కుర్చీ చూపించారంటే పని పెద్దదని అర్థం.

టేబుల్ మీద రెండు ఈ-రీడర్లు పెట్టారు. రెండూ బూడిద రంగు, అరచేతికి కాస్త పెద్దవి. ఒకదాని అంచున చిన్న తలుపు, అందులో సిమ్. అది ఎక్కడున్నా మొబైల్ నెట్ పట్టుకుని మన లైబ్రరీ పుస్తకాలు దింపుకుంటుంది. రెండోదానికి సిమ్ లేదు. వైఫై ఉన్న చోట, అంటే మన భవనంలో మాత్రమే దింపుకుంటుంది. లైబ్రరీ బండి వెళ్లే స్టాపుల్లో పాఠకులకు ఇక పుస్తకాల బదులు వీటినే ఇస్తారట. ఏ రకం కొనాలో తేల్చడానికి కమిటీ కూర్చుంటుంది. కమిటీకి నేను ఒక్క పేజీ రాసివ్వాలి. మొబైల్ నెట్ అవసరమా, కాదా.

సిమ్ లేనివి కొంటే ఎవరో ఒకరు ఇక్కడ పుస్తకాలు నింపి, పదిహేను రోజులకోసారి మోసుకెళ్లి మార్చి తేవాలి. అంటే బండి నడుస్తుంది. సిమ్ ఉన్నవి కొంటే బండితో పనే లేదు. బండి మీద ఉన్నది ఇద్దరం, నేనూ డ్రైవరూ. డ్రైవరు మా అక్క భర్త.

“బండి మీద బతికేవాళ్లకే ఈ పని ఇవ్వచ్చో లేదో నాకు తెలీదండీ. కానీ ఆ దారి తెలిసినవాళ్లు మీరు తప్ప ఇంకెవరూ లేరు” అన్నారు మేడమ్.

ఉన్నది ఉన్నట్టు రాస్తానన్నాను. నేనెప్పుడూ అలాగే రాస్తాను. గడువు నెలాఖరు.

జూన్ 3

బావ బండి కడుగుతుంటే చెప్పాను. తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుని ఈ-రీడరు తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. చిన్నప్పుడు పలక పట్టుకుని బడికి పొమ్మంటే ఏడ్చేవాడినని, ఆ ఉసురే ఇప్పుడు తిరిగొచ్చి పొట్ట కొడుతోందని అన్నాడు. అప్పటినుంచి దాని పేరు పలక. నేను ఈ-రీడర్ అనే అంటున్నాను గానీ రాసేటప్పుడు పలక అని రాయడం తేలిక.

నేనుండేది అక్కావాళ్ల మేడ మీద గదిలో. భోజనం కిందే. అక్క అంతా విని ఒక్కటే అడిగింది, ఆ నెట్టు మన చివరి స్టాపు, పంప్‌హౌస్ దాకా వెళ్తుందా అని. కొలిస్తే గానీ తెలియదన్నాను. బావ కంచంలోకి చూస్తూ నవ్వాడు. ఎందుకో నేను అడగలేదు.

జూన్ 5, గురువారం

చివరి లైను. ఏడు స్టాపులు. ఆఖరిది పంప్‌హౌస్.

కొలిచే పద్ధతి ఉదయమే రాసుకున్నాను. పలకను బండిలో పుస్తకాలిచ్చే ఇష్యూ బల్ల మీద, స్టాంపు ప్యాడుకు కుడి పక్కన పెట్టాలి. ప్రతి స్టాపులో అదే చోటు. ఐదేసి నిమిషాల తేడాతో మూడుసార్లు చూసి, పై మూలలో గీతలెన్నో రాయాలి. ఐదు గీతలుంటే నెట్ బాగా అందుతున్నట్టు. ఒక పుస్తకం దింపి చూడాలి. బల్ల మీదే ఎందుకంటే, బండిలో ఏ రాతపనైనా ఇష్యూ బల్ల మీదే జరగాలని చేరిన రోజున నాకు నేర్పారు. మెట్టు మీద పుస్తకం ఇవ్వం, కిటికీలోంచి తీసుకోం. పద్దెనిమిదేళ్లలో ఒక్కరోజు తప్పలేదు.

ఫలితం: కుట్టుమిషను ఆవిడ ఉండే మొదటి స్టాపులో ఒక గీత వచ్చి పోయింది. మిగతా ఆరింటా సున్నా. పుస్తకం ఎక్కడా దిగలేదు.

ఆ స్టాపుల్లో ఫోన్లు మోగుతూనే ఉంటాయి. అయితే పలకలో సిమ్ వేరే కంపెనీది, ఫోను మోగిన చోటల్లా అది పనిచేయాలని లేదని మేడమే చెప్పారు. బావకు దారిలో రెండుసార్లు ఫోన్ వచ్చింది. ఎప్పటిలాగే దిగి ముందు చక్రం దగ్గర నిలబడి మాట్లాడాడు. అక్క పెట్టే చీవాట్లు నా చెవిన పడకూడదని ఆయన బాధ. నాకు ఫోన్లు రావు కాబట్టి దిగే అవసరం రాదు.

పంప్‌హౌస్‌లో ఆపరేటరు ఒక్కతే ఉంటుంది. బుధవారం తప్ప రోజూ పగటి డ్యూటీ ఆవిడదే. గంటకోసారి ప్రెషర్ మీటరు చూసి రిజిస్టర్లో అంకె వేయాలి. మిగతా యాభై ఐదు నిమిషాలు మోటార్ల హోరు వింటూ కూర్చోవాలి. క్వార్టరు ఆ వెనకే. టౌనుకు బస్సులో గంటన్నర. తొమ్మిదేళ్లుగా మా పాఠకురాలు. ఇవాళ 640 పేజీల నవల తిరిగిచ్చింది. బావుందా అని అడిగాను. “బావుందండీ” అంది. ఎప్పుడూ అదే అంటుంది. 580 పేజీలది ఇచ్చాను. బండిలో కార్డుకి ఒక్కటే పుస్తకం, అది నియమం. అందుకని ఆవిడకు ఎప్పుడూ లావువి చూసి పెడతాను. ముందురోజు సాయంత్రం అరల్లో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి చూసి తీస్తాను. పదిహేను రోజులకు సరిపోవాలి కదా.

అన్ని స్టాపుల్లో పావుగంట ఆగుతాం. పంప్‌హౌస్ దగ్గర నలభై నిమిషాలు. చివరి స్టాపు కాబట్టి ఇంజను చల్లారాలి.

జూన్ 6

సున్నా అంటే సున్నా. దానికి నేనేం చేయను.

జూన్ 13, శుక్రవారం

వారమంతా మిగతా లైన్లు తిరిగాం. మొత్తం ఇరవై రెండు స్టాపులు. పద్దెనిమిదింట సున్నా, నాలుగింట ఒకటి. ఇంత నిలకడగా ఫలితం వచ్చిందంటే కొలత సరిగ్గా ఉన్నట్టే.

చిత్తుప్రతి మొదలుపెట్టాను. “మొబైల్ నెట్ వల్ల ప్రయోజనం కనపడలేదు” అని మొదటి వాక్యం. బావకు చదివి వినిపించాను. బావుంది బామ్మర్దీ, మార్చకు అన్నాడు. సాధారణంగా నా వాక్యాలకు ఏదో ఒక వంక పెట్టే మనిషి.

జూన్ 19, గురువారం

పంప్‌హౌస్ కొలత, ఇష్యూ బల్ల మీద: సున్నా, సున్నా, సున్నా.

పైన రాసింది నిజమే. జరిగింది కూడా రాయాలి.

ఆవిడ బండెక్కి పలకను చూస్తోంది. అక్షరాలు పెద్దవి చేసుకోవడం నేర్పాను. ఎలా వెతకాలో నేర్పాను, వెతికినా ఏమీ రాదని కూడా చెప్పాను. ఇంతలో పదకొండు అయింది. మీటరు చూసే టైము. ఒక్క నిమిషమండీ అని పలక చేతిలో ఉండగానే దిగి వెళ్లిపోయింది. వస్తువు బల్ల దాటి పోకూడదు. అనేలోపే ఆవిడ మెట్లెక్కేసింది. రిజిస్టర్లో అంకె వేసి, పంప్‌హౌస్ గుమ్మంలో నిలబడి పలకలో ఏదో నొక్కింది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

మూడు నిమిషాల తర్వాత తిరిగొచ్చింది. “వచ్చేసిందండీ” అంది. తెర మీద పుస్తకం అట్ట బొమ్మ. పై మూలలో ఐదు గీతలు. పలకను తెచ్చి స్టాంపు ప్యాడు పక్కన పెట్టింది. నా కళ్లముందే గీతలు నాలుగయ్యాయి, రెండయ్యాయి, పోయాయి.

పదిహేను రోజులు దీన్ని ఉంచుకోవచ్చా అని అడిగింది. ఉంచుకోమన్నాను. రిజిస్టర్లో “పరీక్ష నిమిత్తం” అని రాశాను. లావు పుస్తకం కూడా ఇచ్చాను, 620 పేజీలు. మొహమాటానికో ఏమో, తీసుకుంది.

ఒకసారి వచ్చినంత మాత్రాన నెట్ ఉన్నట్టు కాదు. గాలివాటం కావచ్చు.

జూన్ 20

గాలివాటం కాదు.

పొద్దున షెడ్డులో బావను అడిగాను, బండిలోపలికి నెట్ రాదా అని. టైర్లలో గాలి చూస్తున్నాడు. తల ఎత్తకుండా చెప్పాడు.

“ఇనుప డబ్బారా ఇది. చుట్టూ రేకు, లోపల ఇనుప అరలు, మళ్లీ వాటినిండా పుస్తకాలు. రేడియోకి యాంటెన్నా బయట పెట్టించాం కదా, కాయితం మీద సంతకం చేసింది నువ్వే.”

ముందు చక్రం సంగతి ఇప్పుడు అర్థమైంది. పద్దెనిమిదేళ్లుగా అక్క చీవాట్ల కోసం దిగుతున్నాడనుకుంటున్నాను. సిగ్నలు కోసమట.

“మొదటిరోజే తెలుసా?”

“తెలుసు.”

“చెప్పలేదేం?”

“నువ్వు అడగలేదు. నాకు యాభై నాలుగు, బామ్మర్దీ. ఈ వయసులో ఇంకో బండి చేతికి ఎవడిస్తాడు?”

ఆ తర్వాత ఇద్దరం దొంగకు తేలు కుట్టినట్టు ఉండిపోయాం.

జూన్ 21

మేడమ్ కొలవమన్నారు, కొలిచాను. బల్ల మీద కొలిచానని నివేదికలో స్పష్టంగా రాస్తాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఆ బల్ల దేని లోపల ఉందని ఎవరూ అడగలేదు.

జూన్ 22, ఆదివారం

పైన రాసింది మళ్లీ చదివాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించేవాళ్లను చూసి నవ్వేవాణ్ణి.

జూన్ 23, సోమవారం

పరీక్ష పలక నా పేరు మీద ఉంది కాబట్టి, అందులోకి ఏం దింపినా ఆఫీసు కంప్యూటర్లో నాకు కనపడుతుంది. నాలుగు రోజులు. తొమ్మిది పుస్తకాలు.

తేనెటీగల మీద ఒకటి, 84 పేజీలు. జైలు నుంచి ఎవరో కూతురికి రాసిన ఉత్తరాలు, 71. చిన్న కవితలు, 60. నీళ్ల రుచి గురించి ఒకటి, 96. నీళ్ల రుచి గురించి పుస్తకముందని నాకే తెలియదు. పాత గడియారాలు బాగుచేయడం, 110. మిగతావీ అంతే. అన్నిటికన్నా లావుది 132.

నవల ఒక్కటి లేదు. కుటుంబ కథ ఒక్కటి లేదు.

నేను ఇచ్చిన 620 పేజీలది ఏమైందో.

జూన్ 24

కోపంగా ఉంది. ఎవరి మీదని రాయడానికి కూర్చుంటే కుదరడం లేదు. తొమ్మిదేళ్లు, ఏడాదికి ఇరవై ఆరు చొప్పున రెండొందల ముప్పై పైచిలుకు పుస్తకాలు. ఒక్కటీ నచ్చనట్టే కదా. ప్రతిసారీ “బావుందండీ” అని ఎందుకు అనాలి? నేనేమైనా బలవంతం చేశానా?

జూన్ 25

బుధవారం. ఆవిడకు సెలవు. ఒకే రోజు మూడు పుస్తకాలు.

జూన్ 27, శుక్రవారం

చిత్తుప్రతి పూర్తయింది. “ప్రయోజనం కనపడలేదు” అనే వాక్యం అలాగే ఉంచాను. ఇరవై రెండు స్టాపుల పట్టిక, చక్కగా గీతలు గీసి. చూడముచ్చటగా ఉంది.

రాత్రి భోజనాల దగ్గర అక్క, ఏం రాశావురా అని అడిగింది. ఉన్నదే రాశాను, నేనేం దాచలేదు, కావాలంటే కాగితాలు చూసుకో అన్నాను. దాచావని నేనన్నానా, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటావేం అంది. అప్పటిదాకా బావ ఆమెకు చెప్పి ఉంటాడనుకున్నాను. ఆయన చెప్పలేదు. నేనే నా నోటితో చెప్పుకున్నట్టయింది.

మొత్తం చెప్పించుకుంది. ఇనుప డబ్బా, గుమ్మం, ఐదు గీతలు. బావ ఉద్యోగం కోసమే ఆలోచిస్తున్నానన్నాను. అది సగం నిజం. అక్క గిన్నెలు సర్దుతూ అంది:

“మీ బావ మీద పెట్టకు. బండి పోతే ఆయన జీపో లారీయో తోలుకుంటాడు, తోలకపోతే నేను తోలిస్తాను. గురువారం పోతే నీకేం మిగులుతుందిరా?”

బావ చేతులు కడుక్కోవడానికి లేచి, చాలాసేపు కుళాయి దగ్గరే ఉన్నాడు.

నాకు యాభై ఒకటి. గురువారాలు పోతే నాకేమీ మిగలదు. ఈ మాట ఎక్కడో ఒకచోట రాసుకోవాలి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

జూన్ 30

మేడమ్‌ను గడువు నాలుగు రోజులు అడిగాను. కొలతలు మళ్లీ తీయాలన్నాను. ఎందుకని ఆవిడ అడగలేదు.

జూలై 2

రేపటికి పుస్తకం తీయడానికి అరల దగ్గర నిలబడ్డాను. వేళ్లు వాటంతటవే లావు చూసుకుంటున్నాయి. ఏం తీయాలో తోచలేదు. ఖాళీ చేతులతో బయటికొచ్చాను.

జూలై 3, గురువారం

మొదటి స్టాపులో పలక తీసుకుని బండి దిగాను. సిమ్ ఉన్న పలక పంప్‌హౌస్‌లో ఉంది కాబట్టి, మేడమ్ దగ్గర ఇంకొకటి అడిగి తెచ్చాను. రోడ్డు మీద నిలబడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పాఠకులు నన్ను నేల మీద చూడటం ఇదే మొదటిసారట. ఇంత పొట్టివారా మీరు అంది కుట్టుమిషను ఆవిడ.

బావ స్టీరింగు ముందు నుంచి కదల్లేదు. మూడో స్టాపులో నాకు రెండే గీతలు వచ్చాయి. రెండు అని కాగితం మీద రాసుకుంటుంటే తలుపు తీసిన చప్పుడైంది. దిగొచ్చి నా పక్కన నిలబడ్డాడు.

“అక్కడ కాదు. ఇటు రా, చక్రం దగ్గరికి. ఇక్కడ బాగా వస్తుంది.”

నాలుగు వచ్చాయి. నాలుగు అని రాసుకున్నాను. ఆయన పోయి మళ్లీ స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆ తర్వాత నుంచి ప్రతి స్టాపులో, ఎక్కడ నిలబడాలో కిటికీలోంచి వేలుపెట్టి చూపించాడు.

ఏడింట ఐదు స్టాపుల్లో నెట్ బాగుంది. క్వారీ దగ్గరా, లోయలో ఇళ్ల దగ్గరా లేదు. బయట నిలబడ్డా లేదు. ఉన్నది ఉన్నట్టు.

పంప్‌హౌస్ దగ్గర కొలిచే పని లేకపోయింది. ఆవిడ 620 పేజీల పుస్తకం, పలక రెండూ తెచ్చి బల్ల మీద పెట్టింది. నవల ఎలా ఉందని అడిగాను. తెరవలేదంది. తొమ్మిదేళ్లలో మొదటిసారి వేరే జవాబు.

ఇన్నేళ్లూ అవన్నీ ఎందుకు తీసుకున్నారని అడిగాను.

“సన్నవి మూడో రోజుకే అయిపోతాయండీ. తర్వాత మీరొచ్చేదాకా గోడ చూడాలి. లావుదైతే రోజుకిన్ని పేజీలని దాచుకోవచ్చు. నచ్చిందా లేదా అని చూసుకునే వీలు నాకెక్కడిది?” అంది. మళ్లీ, “మీకు లావువంటే ఇష్టమేమో అనుకున్నాను, ప్రతిసారీ అవే తీసి ఉంచేవారు” అంది.

నేనూ లావు చూసే తీసేవాణ్ణని చెప్పాను. లోపల ఏముందో చాలావాటికి నాకూ తెలియదని కూడా చెప్పాను. లైబ్రరీ మనిషి ఒప్పుకోకూడని మాట. ఆవిడ నవ్వింది. నవ్వు ఆగడానికి కొంతసేపు పట్టింది. ఆ నవ్వు విన్నాక నా కోపం పోయింది.

అప్పుడు చెప్పాను. నెట్ అవసరమని రాయబోతున్నానని, అలా రాస్తే బండి ఇక రాదని. మీకు మంచిదే, ఏ పూట ఏది కావాలంటే అది చదువుకోవచ్చని.

పన్నెండు కాలేదు, ఇంకా పది నిమిషాలుంది. అయినా మీటరు చూసొస్తానని వెళ్లింది. తిరిగొచ్చి పలకను చేతిలోకి తీసుకుని, ఛార్జింగ్ వైరును వేలికి చుడుతూ అడిగింది.

“ఈ వైరు పాడైతే ఎవరికి చెప్పాలండీ?”

పలకల బాగోగులు చూసే పని నాకే ఇస్తారేమో, అలా అయితే టౌనులో ప్రధాన భవనం, కింది అంతస్తు, మెట్ల పక్క గది అని చెప్పాను. అయితే ఇది మంచి రకం వైరు, అంత త్వరగా పాడవదని కూడా చెప్పాను. సరేనంది.

జూలై 4

ఇచ్చేశాను. సగం పేజీ కూడా రాలేదు. నకలు:

“చివరి లైను ఏడు స్టాపుల్లో ఐదింట బండి బయట మొబైల్ నెట్ బాగా అందుతోంది. రెండింట అందడం లేదు. అక్కడివారికి వేరే ఏర్పాటు చేయాలి. మిగతా లైన్లు ఇదే పద్ధతిలో బయట నిలబడి మళ్లీ కొలవాలి. జూన్‌లో నా కొలతలు ఇనుప బండి లోపల తీసినవి, పనికిరావు. ఆ తప్పు నాది, డ్రైవరుది కాదు. కార్డుకి ఒక్క పుస్తకమనే నియమం వల్ల, పదిహేను రోజుల ఎడం వల్ల, మన పాఠకులు లావు పుస్తకాలు చదువుతారని నేను అనుకున్నాను. ఆగనక్కర్లేకపోతే వాళ్లు ఏం చదువుతారో మనకు ఇప్పటిదాకా తెలియదు. నెట్ అవసరం.”

మేడమ్ నిలబడే చదివారు. మళ్లీ చదివారు. కూర్చోమన్నారు. పనుందని వచ్చేశాను.

జూలై 8

కమిటీ ఒప్పుకుంది. ఈ నెల పదిహేడున చివరి లైనుకు ఆఖరి ట్రిప్పు. క్వారీకీ లోయకీ నెలకోసారి ఆఫీసు జీపులో పుస్తకాల పెట్టె వెళ్తుంది. డ్రైవరును “సర్దుబాటు చేస్తారు” అని రాశారు. ఎక్కడని రాయలేదు.

బావ మాట్లాడటం లేదు. కూర్చున్న కొమ్మ నరుక్కునేవాళ్లను చూశాను గానీ పక్కవాడి కొమ్మ కూడా కలిపి నరికినవాణ్ణి నిన్నే చూశానురా అని అక్కే నవ్వింది. బావ నవ్వలేదు.

జూలై 9

మాట్లాడలేదు.

జూలై 10

మాట్లాడలేదు. టీ మాత్రం నాక్కూడా తెచ్చాడు.

జూలై 14

ఆర్డరు వచ్చింది. మిగతా లైన్లు ఆఫీసువాళ్లే బయట నిలబడి కొలిచారు, అక్కడా నెట్ ఉంది, బండి పూర్తిగా ఆగిపోతుంది. బావకు ఆఫీసు జీపు. నాకు కింది అంతస్తులో పలకల కౌంటరు. సాయంత్రం మేడెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. “బామ్మర్దీ, జీపులో ఏసీ ఉందిరా” అన్నాడు. అంతే, దిగిపోయాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టింది.

జూలై 17, గురువారం

ఆఖరి ట్రిప్పు. పుస్తకాలు వెనక్కి, పలకలు చేతికి. ఇరవై మూడు సంతకాలు.

పంప్‌హౌస్ దగ్గర నలభై నిమిషాలు ఆగాం. ఇంజను ఎప్పుడో చల్లారింది. ఆవిడ సంతకం చేసింది. ఒంటిగంట కాగానే ఆవిడ మీటరు చూడటానికి వెళ్లింది, బావ బండి తీశాడు.

జూలై 31, గురువారం

కౌంటరు గదికి కిటికీ లేదు. ఇప్పుడు పలకలు ఎవరి పేరు మీద వాళ్లవి, ఎవరేం చదువుతున్నారో నాకు కనపడదు. కనపడకపోవడమే పద్ధతి.

తేనెటీగల పుస్తకం కాగితం ప్రతి పైన మూడో అరలో దొరికింది. 84 పేజీలు. సన్నగా ఉండటంతో ఇన్నేళ్లూ నా చేతికి తగల్లేదు. చదివాను. బావుంది. నిజంగానే బావుంది.

ఆగస్టు 6, బుధవారం

పదకొండింటికి పంప్‌హౌస్ ఆవిడ వచ్చింది. యూనిఫాం లేకుండా చూడటం మొదటిసారి, ముందు గుర్తుపట్టలేదు. ఛార్జింగ్ వైరు పాడైందంది. మూడు పలకలకు పెట్టి చూశాను. మూడూ ఛార్జయ్యాయి. ఒక్కోసారి లోపల తెగి అతుక్కుంటూ ఉంటుంది. కొత్తది ఇచ్చాను.

వైరు పని రెండు నిమిషాలు. ఆవిడ బస్సు ఒంటిన్నరకు. తేనెటీగల గురించి మాట్లాడుకున్నాం.

ఆగస్టు 20, బుధవారం

మళ్లీ వైరే. పంప్‌హౌస్‌లో తేమ ఎక్కువ. పరీక్షించాను, పనిచేస్తోంది. కొత్తది ఇచ్చాను. తను చదివిన గడియారాల పుస్తకం నన్ను కూడా చదవమంది. లావు ఎంతో చెప్పబోయి ఆగి, లోపల ఏముందో చెప్పింది.

జీపు తుడిచే గుడ్డతోనే వచ్చి బావ తలుపులోంచి తొంగి చూశాడు. సాయంత్రం అక్క, గడ్డం గీసుకున్నావేం బుధవారం పూట అని అడిగింది. తేమ గురించి చెప్పాను. అక్కా బావా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సెప్టెంబరు 3, బుధవారం

ఆవిడ వచ్చింది. వైరు కౌంటరు మీద పెట్టింది. ఈసారి ఏమైందో చెప్పలేదు, నేనూ అడగలేదు. పరీక్షించలేదు కూడా. కొత్తది ఇచ్చాను. తలుపుకు తాళం వేసి, బస్టాపు దాకా వెళ్లి, బస్సు కదిలేదాకా ఉండి వచ్చాను. డ్యూటీ మధ్యలో కౌంటరు వదలడం ఇదే మొదటిసారి.

సొరుగులో ఇప్పుడు మూడు పాత వైర్లున్నాయి. మూడూ బాగున్నాయి.

సాయంత్రం స్టోర్సుకు ఇండెంటు పంపాను, ఛార్జింగ్ వైర్లు రెండు డజన్లు. ఎందుకో తెలపాలని ఒక గడి ఉంది. అందులో “అవసరం” అని రాశాను.